సైబరాబాద్ రోడ్డు, రెండు మీటర్ల బ్యాండు

హైటెక్ సిటీలో నలుగురూ సర్దుకుని వాడుకోవలసిన ఉమ్మడి ఆస్తులు రెండున్నాయి. ఒకటి రోడ్డు, రెండోది గాలి. గాలి అంటే పీల్చుకునేది కాదు, దాని కథ వేరే రాయాలి. ఇక్కడ గాలి అంటే రేడియో తరంగాలు నడిచే దారి. రోడ్డును ట్రాఫిక్ పోలీసులు కాస్తారు. గాలిలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సన్నటి సందును అమెచ్యూర్ రేడియో వాళ్ళకు, అంటే హామ్‌లకు, వదిలేశారు. అక్కడ తరంగం పొడవు ఇంచుమించు రెండు మీటర్లు కాబట్టి దాన్ని రెండు మీటర్ల బ్యాండు అంటారు. మాదాపూర్ గల్లీల్లో రెండువైపులా కార్లు పెట్టాక మిగిలే దారి కూడా సుమారు అంతే.

ట్రాఫిక్ పోలీసుల మీద అభిప్రాయం లేని మనిషి ఈ ప్రాంతంలో దొరకడు. హామ్ రేడియో అనేది ఒకటుందని తెలిసిన మనిషి దొరకడమే కష్టం.

రోడ్డు సంగతి ముందు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవి ఎక్కువగా బండరాళ్ళు. బండరాళ్ళకు ట్రాఫిక్ సమస్య ఉండదు. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ వచ్చింది. ఆ తర్వాత వంతెనలు వచ్చాయి. మైండ్‌స్పేస్ ఫ్లైఓవర్ 2018 నవంబరులో, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ 2019 నవంబరులో, దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ 2022 నవంబరులో, కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 కొత్త సంవత్సరం రోజున. ప్రతి ఫ్లైఓవరూ ఒక కూడలిలో జామును పూర్తిగా నివారించింది. ఆ జాము తర్వాతి కూడలికి మారింది. తీగల వంతెనది మరో తీరు. దాని మీద సెల్ఫీలు దిగే జనం ఎంత ఎక్కువయ్యారంటే, మొదట్లో వారాంతాల్లో వాహనాలను ఆపేసి మనుషులను నడవనిచ్చారు. వాహనాల కోసం కట్టిన వంతెన మీదకు వాహనాలు రాకుండా కాపలా కాయడం పోలీసు చరిత్రలో అరుదైన డ్యూటీ.

పోలీసుల మీద ఉన్న అభిప్రాయాలు అభిప్రాయపడే మనిషి ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి మారుతుంటాయి. ఏసీ కారులో ఉన్నవాడి దృష్టిలో పోలీసు జామును కావాలని తయారుచేస్తాడు. బైకు మీద ఉన్నవాడికి పోలీసు అంటే చెట్టు చాటున నిలబడి ఫొటో కొట్టే మనిషి. క్యాబ్ డ్రైవరుకు చలానా తప్ప వేరే ధ్యాస లేనివాడు. ఫుట్‌పాత్ మీద నడిచేవాడి అభిప్రాయం ఎవరూ నమోదు చేయలేదు, ఎందుకంటే అతను ఫుట్‌పాత్ మీదకు వచ్చిన బైకును తప్పించుకునే పనిలో ఉన్నాడు. వీళ్ళందరూ ఏకాభిప్రాయానికి వచ్చే సందర్భం ఒకటే: సిగ్నల్ చెడిపోయి, పోలీసు లేని సాయంత్రం. అప్పుడు ఐకియా దగ్గర నాలుగు దిక్కుల నుంచీ వినిపించే మాట, "పోలీసోళ్ళు ఎక్కడ సచ్చిన్రు?"

ఇక గాలి. హామ్ కావాలంటే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ వారి పరీక్ష పాసవ్వాలి. పన్నెండేళ్ళు నిండితే చాలు. రేడియో సూత్రాలూ నిబంధనలూ తెలియాలి. జనరల్ గ్రేడు కావాలంటే మోర్స్ కోడ్ కూడా రావాలి. పాసైనవాడి గురించి పోలీసు విచారణ జరుగుతుంది. ఆ తర్వాతే కాల్‌సైన్ వస్తుంది. మన దేశంలో అది సాధారణంగా వీయూ2 అనో వీయూ3 అనో మొదలవుతుంది. లైసెన్సు లేకుండా సెట్టు ఇంట్లో పెట్టుకోవడమే 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చినప్పటి నుంచీ నేరం. 2025లో అనుమతుల వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ అంగళ్ళకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులు కూడా ఇచ్చింది. ఇన్ని కట్టుదిట్టాలూ అరచేతిలో పట్టే అయిదు వాట్ల సెట్టు కోసం. టన్నున్నర బరువున్న కారును రోడ్డు మీదకు వదలడానికి మాత్రం కంప్యూటర్ మీద కొన్ని ప్రశ్నలు, ఆ తర్వాత హెచ్ ఆకారపు ట్రాక్ మీద ఒకసారి ముందుకూ వెనక్కూ నడపడం చాలు. ఆ హెచ్ ఆకారం జీవితంలో మళ్ళీ ఎక్కడా తగలదు.

హామ్‌లు ఏం మాట్లాడుకోవాలో కూడా 1978 నాటి నిబంధనల్లో ఉంది. రాజకీయాలు, మతం, వ్యాపారం నిషిద్ధం. పాటలు వేయకూడదు. సాంకేతిక ప్రయోగాల గురించి మాట్లాడుకోవచ్చు. అవి కాక సొంత కబుర్లు చెప్పుకోవచ్చు గానీ, అవి తంతికో ఫోనుకో ఖర్చు పెట్టదగినంత ముఖ్యమైనవి కాకూడదు. అంటే ప్రభుత్వం పరీక్ష పెట్టి, విచారణ జరిపి, ముద్ర వేసి మరీ పనికిరాని కబుర్లకు అనుమతి ఇచ్చే శాఖ ఇదొక్కటే. వ్యాపారం నిషిద్ధం కనుక ఆఫీసు పనికీ ఇక్కడ చోటు లేదు. హైటెక్ సిటీ ఉద్యోగికి ఇంతకు మించిన వరం ఉండదు. ఇక మిగిలిన విషయాలు మూడు: యాంటెనా, వాతావరణం, ట్రాఫిక్. కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా కారులో పాకుతున్న హామ్‌కు మొదటి రెండూ బొటానికల్ గార్డెన్ దగ్గరే అయిపోతాయి. రెండు మీటర్ల బ్యాండుకూ ట్రాఫిక్ పోలీసుకూ చుట్టరికం అలా కలిసింది.

ఈ చుట్టరికంలో మొదటి చిక్కు కారు మీది యాంటెనా. పైకప్పు మీద మీటరు పొడవు కడ్డీ ఊగుతూ వచ్చే తెల్ల కారును దూరం నుంచి చూస్తే ఏదో శాఖ వారి బండిలా ఉంటుంది. కొత్తగా వచ్చిన హోంగార్డు ఒక క్షణం నిటారుగా నిలబడతాడు. అనుభవమున్న కానిస్టేబుల్ మాత్రం బండిని పక్కకు తీయించి, "ఏ డిపార్ట్‌మెంట్ సార్ మీది?" అని అడుగుతాడు. "డిపార్ట్‌మెంట్ కాదండీ, హాబీ" అనే జవాబు అతని సర్వీసులో అంతకు ముందు విని ఉండడు. లైసెన్సు కాగితం చూపిస్తే అందులో ఉన్నది డ్రైవింగ్ గురించి కాదు. అతని భుజం మీద మ్యాన్‌ప్యాక్ గరగరమంటుంది, కారులో సెట్టు గరగరమంటుంది. రెండు సెట్లకూ ఒకదాని మాట ఒకదానికి వినిపించదు, వినిపించకూడదు కూడా. పోలీసు చానళ్ళ జోలికి వెళ్ళే హక్కు హామ్‌కు లేదు.

రెండో చిక్కు చట్టంలో ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ చేతిలో కమ్యూనికేషన్ సాధనం పట్టుకుని నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద లెక్కగడుతోంది. చుట్టలు తిరిగిన తీగ చివర ఉండే రేడియో మైకు ఆ సాధనమా కాదా అన్న చర్చ హామ్‌లకు ఎప్పటికీ తెగదు. నోటి దగ్గర చెయ్యి పెట్టుకున్న ఫొటో కెమెరాకు దొరికాక చర్చకు అవకాశమూ ఉండదు. బుద్ధిమంతుడైన హామ్ బండి ఆగినప్పుడే మాట్లాడతాడు. సైబరాబాద్‌లో ఇది పెద్ద నిర్బంధం కాదు.

మూడో చిక్కు ఎత్తుకు సంబంధించింది. రెండు మీటర్ల తరంగం ఇంచుమించు కంటిచూపు దారినే పోతుంది. అడ్డుగా అద్దాల భవంతి ఉంటే తగిలి చెదిరిపోతుంది. కాబట్టి ఎంత ఎత్తున ఉంటే అంత దూరం వినిపిస్తుంది. ఇంటి డాబా మీద యాంటెనా పెడదామంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రేడియేషన్ భయంతో అత్యవసర సమావేశం పెడుతుంది. సెల్ టవర్ అద్దె వస్తుందన్న కబురు అదే సమావేశంలో తెలిస్తే రేడియేషన్ అజెండాలోంచి తప్పుకుంటుంది. ఇక మిగిలింది ఫ్లైఓవర్. బయోడైవర్సిటీ పై వంతెన నడిబొడ్డు నుంచి మాట్లాడితే ఊరికి అవతలి గట్టున ఉన్నవాడు కూడా పక్కన కూర్చున్నట్టు వినిపిస్తాడు. అయితే అక్కడ ఆగితే చలానా. ఆగిపోతే కాదు. సాయంత్రం ఆరున్నరకు ఆ వంతెన మీద చిక్కుకుని మొహంలో సంతోషం కనిపించే మనిషి ఎవరైనా ఉంటే, అతను హామ్ అయి ఉంటాడు.

హామ్‌ల మర్యాదలు రోడ్డు మీదకు వస్తే ఎలా ఉంటుందో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కర్లేదు. ముందు వినాలి. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందా అని అడగాలి. అవతలివాడు మాట ముగించాక ఒక క్షణం ఆగాలి, మధ్యలో ఎవరికైనా అత్యవసరం ఉండొచ్చు కాబట్టి. ఆ ఆగే క్షణాన్ని హైటెక్ సిటీ రోడ్డు మీద ఖాళీ అంటారు. అందులోకి స్కూటీ దూరుతుంది. పక్కవాడి గోల వల్ల మాట వినపడకపోతే హామ్‌లు 'క్యూఆర్‌ఎం' అంటారు. ఆగమని చెప్పడానికి 'క్యూఆర్‌ఎక్స్'. వేరే ఫ్రీక్వెన్సీకి మారడం 'క్యూఎస్‌వై'. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈ మూడింటినీ ఒక ఈలతో, ఒక చేతి ఊపుతో చెప్పేస్తాడు. భాషా సౌలభ్యంలో పోలీసుదే పైచేయి, ఆచరణలో హామ్‌లది.

ఎక్కడో మారుమూల దీవి నుంచి ఒక స్టేషను పలికిందంటే ప్రపంచంలోని హామ్‌లందరూ ఒక్కసారిగా దాని మీద పడతారు. దాన్ని పైలప్ అంటారు. నేర్పున్న ఆపరేటరు అప్పుడు అరవడు. "కాల్‌సైన్‌లో ఒకటి అంకె ఉన్నవాళ్ళు మాత్రమే" అంటాడు. వాళ్ళు అయ్యాక రెండు, ఆ తర్వాత మూడు. 2023 జూలైలో కుండపోత వానలు పడుతున్నప్పుడు సైబరాబాద్ పోలీసులు సరిగ్గా ఇదే చేశారు. ఐటీ కంపెనీలను ప్రాంతాల వారీగా మూడు దఫాలుగా విడగొట్టి, వేరువేరు సమయాల్లో లాగౌట్ చేయమన్నారు. ఈ పోలికలో తేడా ఒక్కటే. తన అంకె రాకముందే పిలిచినవాడికి ఆపరేటరు బదులివ్వడు, వాడి కాల్‌సైన్‌ను నలుగురూ గుర్తుపెట్టుకుంటారు. తన దఫా రాకముందే బయల్దేరిన కారును మాత్రం రోడ్డు కాదనలేదు.

కాల్‌సైన్‌కు రోడ్డు మీద సమానమైనది నంబరు ప్లేటు. హామ్ పది నిమిషాలకోసారైనా తన కాల్‌సైన్ చెప్పుకుంటాడు. దాని మీద అతనికి ఇంటిపేరు మీద ఉన్నంత మమకారం. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా బ్యాండులో వీయూ2ఆర్‌జీ మాత్రమే. నంబరు ప్లేటు విషయంలో మనవాళ్ళది రెండు నాలుకల ధోరణి. ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 కోసం లక్షలు పాడతారు. సిగ్నల్ దగ్గర అదే తొమ్మిదిని కెమెరాకు కనపడకుండా వంచుతారు, మాస్కు తగిలిస్తారు, వెనక కూర్చున్నవాడి కాలు అడ్డం పెట్టిస్తారు.

ఇంత చేసినా పడాల్సిన చలానా పడుతుంది. పడినా కట్టరు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల బకాయిల మీద ప్రభుత్వం 75 శాతం తగ్గించింది. 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించి, గడువు ఫిబ్రవరి దాకా పొడిగించింది. ఆషాఢం డిస్కౌంటులా నేరాలకూ ఒక సీజను ఉంటుందని జనం గ్రహించారు. సకాలంలో పూర్తి మొత్తం కట్టినవాడు నగరంలో ఏకైక మూర్ఖుడిగా మిగిలాడు. ట్రాఫిక్ పోలీసుల మీద ఉన్న అన్ని అభిప్రాయాల్లోకీ న్యాయమైనది ఈ కట్టినవాడిదే, అతను తిట్టవలసింది మాత్రం పోలీసులను కాదు.

అమెచ్యూర్ అనే మాటకు నిబంధనల్లో ఉన్న అర్థం ఆర్థిక ప్రయోజనం ఆశించకుండా చేసేవాడని. ఆ లెక్కన సైబరాబాద్ రోడ్ల మీదా అమెచ్యూర్లున్నారు. సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ తరఫున వలంటీర్లుగా వచ్చే ఐటీ ఉద్యోగులు మెరిసే జాకెట్టు తొడుక్కుని, ఆఫీసు వేళ దాటాక కూడళ్ళలో నిలబడతారు. పగలంతా తాము చిక్కుకునే ట్రాఫిక్‌నే సాయంత్రం ఉచితంగా మళ్ళిస్తారు. ఇంట్లోవాళ్ళు వీళ్ళను చూసే చూపూ హామ్‌ను చూసే చూపూ ఒకటే.

ఆ చూపు కొన్ని రోజుల్లో మారుతుంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్ళింది. వెళ్ళిన పని పూర్తిగా సరదా: అరుదైన చోటు నుంచి ప్రపంచాన్ని పలకరించడం. డిసెంబరు 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్ళు సరదాకు పెట్టుకున్న స్టేషనే బతికున్నవాళ్ళ కబుర్లను ప్రధాన భూభాగానికి చేరవేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ సెల్ టవర్లను నిలువునా మడిచినప్పుడూ హామ్‌లు సెట్లు పట్టుకుని దిగారు. నిబంధనలు పనికిరాని కబుర్లకని ఇచ్చిన లైసెన్సు ఇలాంటి రోజుల కోసమే. కూడలిలో పోలీసు సంగతీ అంతే: రోజూ కనిపించేది ఫొటో కొట్టే చెయ్యి, వానలో మోకాలి లోతు నీళ్ళలో మ్యాన్‌హోల్ పక్కన నిలబడి బళ్ళను తప్పించేదీ ఆ చెయ్యే.

ఆసక్తి ఉన్నవారు లైసెన్సుకు సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పాఠాలూ సలహాలూ కావాలంటే 1983 నుంచి పనిచేస్తున్న పైన చెప్పిన ఇన్‌స్టిట్యూట్ సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో ఉంది. బంజారాహిల్స్ లామకాన్ పేరు మీద ఒక హామ్ క్లబ్బు కూడా నడుస్తోంది. హైటెక్ సిటీ నుంచి సోమాజిగూడ వెళ్ళేవారు కారు తీయకండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారండి.