ఊళ్లో పిల్లి, ఫోన్లో పులి

ధైర్యాన్ని కిలోమీటర్లలో కొలవొచ్చని ఏ శాస్త్రవేత్తా ఇంతవరకు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో ఏ ఊరి వాట్సాప్ గ్రూపులోనైనా ఓ వారం ఉంటే ఆ సూత్రం ఎవరికైనా పట్టుబడుతుంది. ఉక్రెయిన్ మీద మనవాళ్లకు తిరుగులేని అభిప్రాయం ఉంటుంది. పుతిన్ ఎక్కడ లెక్క తప్పాడో కూడా చెబుతారు. ఢిల్లీ మీద ఘాటైన అభిప్రాయం. హైదరాబాద్ మీద కాస్త మర్యాద కలిపిన అభిప్రాయం. మెదక్ కలెక్టరేట్ దగ్గరికొచ్చేసరికి అదే విన్నపమవుతుంది. మండలాఫీసు దగ్గర గొణుగుడవుతుంది. సొంత వాడలో మోరీ పొంగి ఇంట్లోకొస్తుంటే మాత్రం దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి. అంతే.

ఈ గడ్డకు పిరికితనం తాతలనాటి ఆస్తేమీ కాదు. 18వ శతాబ్దంలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మకు నిజాం ‘రాయబాగన్’ బిరుదిచ్చాడు. ఆడపులి అని లెక్క. ఆమె మరాఠా దండును ఎదిరించిందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఎదిరించిన మాట నిజమైతే, ఫార్వర్డు పంపి మాత్రం ఎదిరించి ఉండదు. ఇక ఢిల్లీ సంగతంటారా, 1980లో ఇందిరాగాంధీని లోక్‌సభకు పంపింది ఈ మెదక్ నియోజకవర్గమే. ప్రధానమంత్రినే తమ ఎంపీగా చూసిన జనానికి ఢిల్లీ రాజకీయాల్లో ఆ మాత్రం చనువు ఉండొచ్చు. తప్పేం లేదు. కానీ చనువంతా అక్కడే ఖర్చైపోయి, గ్రామ పంచాయతీ గేటు దగ్గరికొచ్చేసరికి జేబు ఖాళీ అవుతోంది. అదీ చిక్కు.

ఇంతకీ ఈ సభలో ఎవరెవరుంటారు? రిటైరైన పంతులుగారు ఒకరు. తెల్లవారుజామున నాలుగున్నరకే గులాబీ పువ్వు మీద శుభోదయం పెట్టి ఊరిని లేపుతారు. పటాన్‌చెరు కంపెనీలో పనిచేసే కుర్రాడు. దుబాయ్‌లో ఉన్న అన్న; ఊరికి అందరికంటే దూరంగా ఉంటాడు కాబట్టి మన సూత్రం ప్రకారం అందరికంటే ధైర్యవంతుడు. ఒక్కో పార్టీకి ఇద్దరేసి యువనాయకులు. ఆర్ఎంపీ డాక్టరు. మూడేళ్లుగా ఒక్క అక్షరం రాయకుండా అన్నీ చదివే మహానుభావులు రెండు వందల మంది. రాణి ఏలిన చోట ఆడవాళ్లెంతమందో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, ఇంకెవరో ఒకరిద్దరు. వాళ్లు అభిప్రాయాలు చెప్పరు. పోలియో చుక్కలు ఏ రోజో చెబుతారు. ఆ మెసేజ్ కంటికి ఆనేలోపే దాని మీద ట్రంప్ వీడియోలు నాలుగు పడతాయి.

గ్రూపు పేరేదైనా ‘మన’తోనే మొదలవుతుంది. ‘మన’ అన్నది ఎన్నాళ్లు నిలుస్తుందన్నది వేరే సంగతి. సర్పంచ్ ఎన్నికలొస్తే రెండవుతుంది. గుడి కమిటీ గొడవలో మూడో గ్రూపు పుడుతుంది. ఫలానావాణ్ని తీసేశారని అలిగి అతని బామ్మర్ది నాలుగోది పెడతాడు. నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీరా ఏడు పాయలుగా చీలినట్టే ఊరి గ్రూపూ చీలుతుంది. ఒక్కటే తేడా: ఏడుపాయల దగ్గర చీలిన నీళ్లు కిందికి పోయి మళ్లీ కలుస్తాయి. తమాషా ఏమిటంటే, ఏడు గ్రూపుల్లోనూ ఉండేది అదే జనం, తిరిగేది అదే వీడియో. 2022 నుంచి ఒక గ్రూపులో 1,024 మందిని చేర్చుకోవచ్చు. చాలా ఊళ్లలో ఓటర్లు అంతమందే ఉంటారు. ఊరంతా ఒకచోట కూర్చునే వీలు ఇంత సుళువుగా చేతికొస్తే, దాన్ని ఏడు ముక్కలు చేసుకున్న ఘనత మనది.

ఒక్క రోజు తీసుకుందాం. 2025 ఆగస్టు 27. ఆ రోజు వినాయక చవితి. ఆ రోజే అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. ఆ రోజే మెదక్, కామారెడ్డి జిల్లాల మీద ఆకాశం బద్దలైనట్టు వాన పడింది. 1922నాటి పోచారం డ్యాం ఎన్నడూ చూడనంత వరదను మోసింది. రోడ్లు తెగాయి. భిక్కనూరు వైపు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఆ వానాకాలంలో ఏడుపాయల వనదుర్గమ్మ గుడి రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో పెట్టి పూజలు చేశారు.

అలాంటి రోజున మన గ్రూపు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. పొద్దున ఎనిమిదిలోపు ఒకే గణపతి నలభై సార్లు వస్తాడు. తొమ్మిదింటికి సుంకం మీద చర్చ. రొయ్యల ఎగుమతి ఏమైపోతుందోనని దుబాయ్ అన్న బెంగ. రొయ్యల చెరువు ముఖం చూడని మండలంలో ఆ బెంగ అంటువ్యాధిలా పాకుతుంది. “ట్రంప్‌కు మనోళ్లు బుద్ధి చెప్తరు” అని ఒకరు. “నీ పార్టీ ఏం చేసింది ముందు గది చెప్పు” అని ఇంకొకరు. రెండు వందల మెసేజ్‌ల మధ్య ఎవరో ఒకరు అడుగుతారు: “అన్నా, మెదక్ బస్సు నడుస్తున్నదా? అమ్మను దవాఖానకు తీస్కపోవాలె.” జవాబు రాదు. మళ్లీ అడుగుతారు. ఈసారి జవాబొస్తుంది: “జై బోలో గణేశ్ మహరాజ్‌కీ.”

మధ్యాహ్నానికి డ్యాం తెగిందంటూ ఒక గొంతు వస్తుంది. ఎవరి గొంతో తెలీదు, ఏ డ్యామో తెలీదు, వణుకు మాత్రం బ్రహ్మాండంగా పలుకుతుంది. వెనకాలే సింగూరు డ్యాం గేట్ల వీడియో. ఏ ఏటిదో ఆ వాన దేవుడికే తెలియాలి. ఈ గోలలోనే పంచాయతీలో మోరీలు తీసే పనివాడు, వాగు ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడి, రెండు ముక్కలు పెడతాడు: “వాగు మీద మోకాలి కాడికి నీళ్లున్నయ్. బండ్లు తీస్కరాకుండ్రి.” ఆ రోజు మొత్తం మీద ప్రాణాలకు పనికొచ్చే మాట అదొక్కటే. అందులో అభిప్రాయం లేదు. దానికి పడ్డ బొటనవేళ్లు రెండు. ఒకటి అతని తమ్ముడిదే.

అదే నెలలో యూరియా కరువు. తెలంగాణలో చాలాచోట్ల సహకార సంఘాల ముందు తెల్లారకముందే చెప్పుల వరుస. నిలబడలేని రైతులు తమకు బదులు చెప్పుల్ని నిలబెట్టారు. పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు పెట్టి ఎగిరిపోకుండా రాయి పెట్టారు. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు. దాని కోసం తెగిన హవాయి చెప్పు కూడా రాత్రంతా క్యూలో కాపలా కాసింది. గ్రూపులో ఆ చెప్పుల ఫోటో తెగ తిరిగింది. తప్పు కేంద్రానిదా, రాష్ట్రానిదా అని రెండు రోజులు యుద్ధం. పంపినవాడిదా, పంచినవాడిదా అని మోదీనీ రేవంత్‌రెడ్డినీ నిలబెట్టి కడిగారు. మన సంఘానికి ఎన్ని బస్తాలొచ్చాయి, ఎవరెవరికి ఎన్నెన్ని ఇచ్చారు, ఆ పట్టీ గోడ మీద అంటించండి అని అడగడానికి ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం ఎందుకు రాదు? లెక్క చెప్పాల్సినాయన కూడా అదే గ్రూపులో ఉన్నాడు కాబట్టి. పొద్దునే ఆయనకు అందరూ గణపతిని పంపారు కాబట్టి.

మనవాళ్లకు తెలివి లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇది మహా తెలివి. ట్రంప్‌ను తిడితే ఏం పోతుంది? ఆయన మన ఇంటి ముందు పోసిన మట్టి తీయించడం మానేయడు. మన పిల్ల పెళ్లికి టెంటు అడిగితే కాదనడు. కల్లు దుకాణం దగ్గర ముఖం తిప్పుకోడు. అదే వాడలో మోరీ గురించి ఒక ఫోటో పెట్టి చూడండి. పావుగంటలో ఫోను మోగుతుంది.

“ఏం రా, గ్రూపుల ఏందో పెట్టినవట?”

“నేనేం పెట్టిన అన్నా?”

“మోరీ ఫోటో. ఊరు ఇజ్జత్ తీస్తున్నవ్. నాకు చెప్తే నేను చేయిస్తుంటి కదా?”

“అయ్యో, గది నేను పెట్టలే అన్నా. పిల్లగాడు ఫోన్ పట్టుకున్నడు.”

పిల్లగాడికి రెండున్నరేళ్లు. మోరీ ఫోటో తీసి, ‘అధికారులు పట్టించుకోవాలి’ అని గుణింతం తప్పు లేకుండా రాసేంత చురుకైనవాడన్నమాట. ఫోటో మాయమవుతుంది. దాని చోట ‘ఈ మెసేజ్ తొలగించబడింది’ అన్న శిలాశాసనం మిగులుతుంది. ఊళ్లో ప్రజాస్వామ్యం ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ శాసనాలు లెక్కపెట్టుకోవచ్చు. మోరీ మాత్రం తొలగించబడదు.

మన ఘనపురం ఆనకట్ట కట్టి నూరేళ్లు దాటింది. దాని కాలువల చివరి మడికి నీళ్లెందుకు చేరవన్నది ఇక్కడి రైతు పుట్టినప్పటి నుంచి వింటున్న ప్రశ్న. మధ్యలో తూము ఎవరు తిప్పుకుంటున్నారో, గండి ఎవరు కొట్టారో పొలం గట్టు మీద అందరికీ తెలుసు. గ్రూపులో మాత్రం సింధు నది నీళ్లు పాకిస్తాన్‌కు ఆపాలా వద్దా అన్న దాని మీద తీర్మానం అవుతుంది. సింధు తూము ఈ మండలంలో ఎవరి చేతిలోనూ లేదు. అది ఎంత నిశ్చింత!

ఇక అడ్మిన్‌గారు. ‘రాజకీయాలు, మతాలు వద్దు’ అని నెలకోసారి నియమం పెడతారు. అంటే ఊరి రాజకీయం వద్దని. పార్లమెంటు రాజకీయం ఎంతైనా చేసుకోవచ్చు. వేరేవాళ్లు పెట్టినదానికి అడ్మిన్ మీద నేరం మోపలేమని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. అయినా మోరీ ఫోటో కనబడగానే అడ్మిన్‌కు చట్టం గుర్తొస్తుంది. ‘ఓన్లీ అడ్మిన్స్’ తలుపు మూసేస్తాడు. అబద్ధం వచ్చినప్పుడు ఆ తలుపు బార్లా తీసే ఉంటుంది. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా గొప్పదని ప్రకటించిందన్న పుకారు పదిహేనేళ్లు దాటినా జెండా పండుగ వస్తే లేచి కూర్చుంటుంది. 2016లో రెండు వేల నోటులో చిప్పుందన్నారు. 2023లో ఆ నోటునే వెనక్కి తీసుకున్నారు. చిప్పు సంగతి చెప్పినాయన మాత్రం ఇంకా చెలామణిలోనే ఉన్నాడు.

దూరపు అభిప్రాయాలు ఊరికే నవ్వుకుని వదిలేసేవైతే బాగుండేది. 2018 జులైలో మంజీరాకు ఎగువనున్న బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లిచ్చిన పాపానికి హైదరాబాద్ నుంచి వెళ్లిన యువకుల్ని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని వాట్సాప్‌లో చాటారు. దారిలో ముందున్న ఊళ్లో జనం కాపు కాచారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుకు ఐదు చాట్ల హద్దు పెట్టింది. అదే ఏడాది గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులతో ఊరూరా డప్పు కొట్టించి, పాటలు పాడించి, పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ముక్కూమొహం తెలియనివాడి మీదకు పోవడానికి అంతమందికి ధైర్యం చాలింది. దూరపువాడు చేతికి చిక్కితే ఈ పులులు ఏం చేస్తాయో బీదర్ చూపించింది.

రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. నేల మీద కూర్చుని, ముఖాముఖి, పేరు పెట్టి అడిగే చోటు అది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్లు ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. ఎన్నికలెందుకు పెట్టరని గట్టిగా నిలదీయాల్సిన కాలమది. అప్పుడు మన గ్రూపులు అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో తలమునకలై ఉన్నాయి. గ్రామసభకు మనుషులు చాలక సంతకాల కోసం ఇంటింటికీ పుస్తకం తిప్పడం ఏ ఊరివాళ్లకైనా కొత్త కాదు. అలా సంతకం పెట్టిన చేత్తోనే ఫోను తీసి ‘ఈ దేశంలో ప్రశ్నించేవాడు లేడు’ అన్న కొటేషన్ను స్టేటస్‌గా పెట్టుకుంటాం.

కాబట్టి గ్రూపు నియమావళికి ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. విదేశాంగ విధానం మీద మాట్లాడేవారు ముందు తమ వాడ నల్లా ఏ రోజు వస్తుందో, ఏ రోజు రాలేదో రాయాలి. ప్రధానమంత్రిని రాజీనామా అడిగేవారు అంతకుముందు వార్డు మెంబర్‌ను ఒక్క ప్రశ్నైనా అడిగి ఉండాలి. సవరణ నెగ్గదని తెలుసు. నెగ్గితే గ్రూపు నిశ్శబ్దమైపోతుంది, పంతులుగారి గులాబీ ఒక్కటే మిగులుతుంది.

ట్రంప్ మన మాట వినడు. అది మనకు తెలుసు. అందుకే ఆయన్ను నోటికొచ్చినట్టు తిడతాం. వినేవాడు పక్క గల్లీలో ఉన్నాడు. అదీ తెలుసు, అందుకే ఆయనకు ‘హ్యాపీ బర్త్‌డే అన్నా’ అని పెట్టి ఊరుకుంటాం.