తప్పుగా వంగే హక్కు

యోగా స్టూడియో మంచిదో కాదో అక్కడి గురువుగారు కాలు ఎంత ఎత్తుకు లేపుతారన్నదాన్ని బట్టి తేల్చకూడదు. ఆయన లేపుతారు, అందుకే గురువయ్యారు. చూడాల్సింది చివరి వరసని. అక్కడ ముందుకు వంగితే వేళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయే మనిషి ఒకరుంటారు కదా, ఆ మనిషితో ఎలా మసలుకుంటున్నారన్నదే అసలు పరీక్ష. తప్పుగా వంగడానికి ఎంత చోటిస్తే అది అంత మంచి స్టూడియో అన్నది నా వాదన. ఖమ్మం నుంచో, కొత్తగూడెం నుంచో, భద్రాచలం నుంచో ఉద్యోగానికని హైదరాబాద్ చేరి, కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం పట్టేశాక యోగా కోసం వెతుక్కునే మనవాళ్లకు ఈ కొలత అక్కరకొస్తుంది. ఎందుకంటే నగరంలో 'అందరికీ స్వాగతం' అని రాయని బోర్డు ఉండదు. లోపలికెళ్తే గోడల నిండా అద్దాలు. మన పొట్టను మనకే అన్ని వైపుల నుంచీ చూపించి, ఆ తర్వాత మనసును ప్రశాంతంగా పెట్టుకోమంటారు.

తప్పుగా వంగేవాళ్లను రానిస్తే విద్య పలచబడుతుందని వాపోయే పెద్దలకు బి.కె.ఎస్. అయ్యంగార్ కథ చాలు. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేస్తున్న 1918లో ఆయన పుట్టారు. చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయ వంతులవారీగా వచ్చి పలకరించాయి. మైసూరు రాజావారి అండతో యోగశాల నడిపిన కృష్ణమాచార్య ఆయనకు స్వయానా అక్క భర్త. అయినా ఈ బక్క పిల్లాడి వల్ల ఏమవుతుందని మొదట్లో బావగారు పెద్దగా నేర్పనేలేదు. అంటే ఆ రోజుల్లోనూ చివరి వరస అనేది ఉంది, అయ్యంగార్ అందులోనే ఉన్నారు. 1937లో పుణె వెళ్లి పాఠాలు మొదలుపెట్టిన ఆ కుర్రాడే తర్వాత దేశదేశాల వాళ్లకు గురువయ్యాడు. తన ఒళ్లు నేర్పిన పాఠమో ఏమో, వంగలేనివాళ్ల కోసం బెల్టులు, చెక్క దిమ్మెలు, గోడకు తాళ్లు, చివరికి వీపు ఆనే రేకు తీసేసిన మడతకుర్చీ కూడా వాడకంలోకి తెచ్చారు. (మడతకుర్చీ అనగానే తెలుగువాళ్లకు వేరే పాట గుర్తొస్తే అందులో అయ్యంగార్ తప్పేమీ లేదు.) తప్పుగా వంగితే నడుం పోదా అని అడగొచ్చు. పోతుంది. అందుకే దిద్దేవాళ్లు కావాలి. కానీ మోకాలి కింద దిండు పెట్టడమూ దిద్దడమే, నలుగురి ముందు పేరు పెట్టి పిలిచి 'ఇంకొంచెం, ఇంకొంచెం' అనడమూ దిద్దడమే. రెండోదానికి భయపడే చాలామంది వారం తిరక్కుండా మానేస్తారు. పైకి మాత్రం టైమ్ కుదరడం లేదంటారు.

నగరంలో ఇంకో తంతు ఉంది, వేడి యోగా. బిక్రమ్ చౌదరి అనే ఆయన అమెరికాలో దీన్ని పెద్ద వ్యాపారం చేశారు. గదిని నలభై డిగ్రీలకు కాచి, తొంభై నిమిషాల్లో 26 ఆసనాలు వేయించేవారు. ఆ 26 ఆసనాల వరసకు కాపీరైట్ తనదేనని కోర్టుకు కూడా ఎక్కారు. 2015లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు అదేం కుదరదంది. తీర్పు అటూ ఇటూ అయితే మన మేడారం జాతర బస్సుల్లో నిలబడి వెళ్లే జనం కూడా ఆయనకు రాయల్టీ కట్టాల్సొచ్చేదేమో. కొత్తగూడెం, మణుగూరుల్లో మే నెలలో ఎండ 45 దాటడం మామూలే. అక్కడ గది కాచేందుకు బిల్లు కట్టే పనిలేదు, కరెంటు పోతే పై తరగతి పాఠం ఉచితం. ప్రాణాయామం సంగతా? ఖమ్మం మిర్చి యార్డుకు సీజన్లో వెళ్లి నిలబడితే ముక్కు శుద్ధి దానంతటదే అయిపోతుంది. నవ్వులాటకు అన్నా ఇందులో విషయముంది. ఒంటిని కష్టపెట్టడమే సాధన అనుకునే చోట తట్టుకోగలిగినవాళ్లే మిగులుతారు. తట్టుకోలేనివాళ్లకే కదా యోగా కావాల్సింది!

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: 'అడవి అంచు ఊళ్లలో పొద్దంతా ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు యోగా ఎందుకండీ, అదంతా పట్నం జబ్బు.' ఈ మాట అనేవాళ్లు సాధారణంగా కూర్చునే అంటారు. తునికాకు కోత ఎలా సాగుతుందో చూస్తే ఆ మాట నిలవదు. ముందే కొమ్మ కొట్టిన పొదలకు ఎండాకాలంలో లేత ఆకు కింద కిందనే వస్తుంది. కోయ ఆడవాళ్లు తెల్లారకముందే అడవిలోకి వెళ్లి, వంగి వంగి కోసి, ఇంటికొచ్చి కూర్చుని యాభై ఆకులకో కట్ట కడతారు. ఆ తర్వాత నాట్లకు వంగాలి, పత్తి తీయడానికి వంగాలి, మిర్చి ఏరడానికి వంగాలి. ఏడాది పొడుగునా ఒంగుడే, అదీ ముందుకే. వెనక్కి వంగే పని ఏ కూలీలోనూ లేదు. పని ఒంటిని ఒకే వైపు లాగుతుంది, ఆసనం రెండో వైపు లాగుతుంది. కాబట్టి పట్నంలో కూర్చునేవాడికెంత అవసరమో, దమ్మపేటలో వంగేవాళ్లకూ అంతే. కాకపోతే వాళ్లకు వీలయ్యే వేళ చూడాలి. యోగా దినోత్సవం జూన్ 21న, సరిగ్గా ఆరుద్ర కార్తె వాకిట్లో పడుతుంది. తొలకరి పడి, పత్తి గింజలు పెట్టే తొందరలో ఉన్న రైతును బడి మైదానంలో తాడాసనంలో నిలబడమంటే, ఆయన కళ్లు మబ్బుల వైపే ఉంటాయి. దాన్ని ఏకాగ్రతే అనుకోవాలి.

సర్కారుకు ఈ స్వాగతం సంగతి అసలే తెలియదనలేం. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో యోగా దినోత్సవ తీర్మానానికి 177 దేశాలు తోడు నిలిచాయి. మరుసటేడు ఢిల్లీ రాజ్‌పథ్‌లో 35,985 మంది ఆసనాలు వేశారు. ఆ మొదటి కార్యక్రమంలో సూర్య నమస్కారాలు పెట్టలేదు. ముస్లిం సంస్థలు అభ్యంతరం చెబుతున్న రోజులవి. సర్కారు మాత్రం కొత్తవాళ్లకు కష్టమనే వదిలేశామంది. కారణం ఏదైతేనేం, నలుగురూ రావాలంటే ఒకటి రెండు వదులుకోవాలని గ్రహించింది. పదేళ్లు తిరిగేసరికి 2025లో విశాఖలో, అప్పటికి మన పొరుగున ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన విద్యార్థులు 22 వేల మందికి పైగా 108 సూర్య నమస్కారాలు చేసి గిన్నిస్‌కెక్కారు. భద్రాచలంలో చేతులు బాగా చాచి త్రికోణాసనం వేస్తే వేళ్లు తగిలేంత దగ్గరగా ఉండేది అప్పట్లో ఆ జిల్లా. పిల్లలు చేశారు, సంతోషం. కానీ రికార్డుకు తలలు కావాలి, మోకాళ్ల గోడు దానికి పట్టదు. అంతకంటే ఖమ్మం లకారం ట్యాంక్‌బండ్ మీదో, భద్రాచలం కరకట్ట మీదో చీర మీదే బూట్లేసుకుని పొద్దున్నే నడిచే ఆడవాళ్లను వింతగా చూడని ఊరి అలవాటు నా లెక్కలో పెద్ద స్వాగతం. స్టూడియోలో ముందు ప్యాంటు సంగతి తేలితే గానీ శ్వాస దాకా రారు.

చివరి అభ్యంతరం డబ్బుది. ఉచితంగా వస్తే విలువుండదు, ఫీజు కడితే పట్టుదల పుడుతుందంటారు. ఏడాది చందా ఒకేసారి కట్టించుకునే జిమ్ములకు నిజం తెలుసు. కట్టినవాళ్లంతా ఒకే రోజు వస్తే నిలబడటానికి చోటుండదు. పుట్టేది పట్టుదల కాదు, రసీదు. అయితే గురువూ బతకాలి కదా అంటే అది న్యాయమైన మాట, దానికి ఎదురు చెప్పను. జీఎస్టీ వాళ్లు 2025 సెప్టెంబరులో క్షవరం, జిమ్ము, యోగాలను ఒకే గాటన కట్టి 18 శాతం నుంచి 5 శాతానికి దించారు. స్టూడియోకు కొంత ఊరట దక్కింది. ఊళ్లల్లో ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో నేర్పేవాళ్ల లెక్క వేరు. తరగతికి 250 రూపాయలు. మగ శిక్షకుడికి నెలకు 32 తరగతులు, అంటే 8,000. శిక్షకురాలికి 20 తరగతులు, అంటే 5,000. చివరి వరస మోకాలి కింద దిండు పెట్టే ఓపిక ఆ డబ్బులతోనే కొనాలి. తునికాకు కోసొచ్చిన ఆడవాళ్లు నడుం చూపించుకునేది శిక్షకురాలికే. మరి ఆమెకు 12 తరగతులు ఎందుకు తగ్గించారో, శీర్షాసనం వేసి తలకిందులుగా ఆలోచించినా అంతుపట్టదు.