కాళ్లకు రిజిస్ట్రేషన్ లేదు

మన రోడ్డు మీద లెక్కలోకి రావాలంటే నంబరు ప్లేటు ఉండాలి. అది లేని పాదచారి చచ్చాకే లెక్కలోకి వస్తాడు. కేంద్ర రవాణా శాఖ పుస్తకంలో ఆ లెక్క 2014లో 12,330, 2022లో 32,825. మధ్యలో లాక్‌డౌన్ ఏడాది మాత్రం కాస్త తగ్గింది. జనం ఇంట్లో ఉంటే చావరన్న మాట! ఈ ఉపాయాన్ని శాశ్వత పథకంగా మార్చాలని ఏ ఇంజినీరుకూ తట్టకపోవడం విడ్డూరమే.

ఫుట్‌పాత్ లేదనకండి. అడ్డంకుల్లేని నడకదారి కనీసం 1.8 మీటర్లుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. అందులో ట్రాన్స్‌ఫార్మర్‌కు సగం, బజ్జీల బండికి పావు. (బజ్జీలాయన్ని తిట్టడం తేలిక, ట్రాన్స్‌ఫార్మర్ పాతింది మాత్రం ఆయన కాదు.) మిగిలిన జానెడు జాగా సిగ్నల్ పడ్డప్పుడు బైకులకు అడ్డదారి. వెనక నుంచి హారన్ కొట్టినా తప్పుకోకుండా ఫుట్‌పాత్ మీదే నడిచేవాణ్ని ఏమనాలి? మర్యాద తెలియనివాడనే అంటారు.

రోడ్డు దాటాలా? ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉందిగా. ఏసీ కారులో కూర్చున్నాయన నేల మీద తిన్నగా పోతాడు, మోకాళ్లరిగిన మామ్మగారు రెండంతస్తులు ఎక్కి దిగుతారు. లిఫ్టు మరమ్మతులో ఉంటుంది. ఆవిడ ఎక్కలేక కింద నుంచే దాటబోతే, మర్నాటి పేపర్లో తప్పు ఆవిడదే.

కారు గుద్దితే నడిచేవాడు చనిపోయే ప్రమాదం 50 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 65లో నాలుగున్నర రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయినా ఆ పదిహేనూ తగ్గించుకోలేం. ముందున్న రెడ్ సిగ్నల్ దగ్గర అందరికంటే ముందు వెళ్లి ఆగాలి కదా!

గుద్దినవాడు ఆగకుండా పోతే అది ‘గుర్తు తెలియని వాహనం’. హెల్మెట్ లేని నెత్తిని ఫొటో తీసి ఇంటికి చలానా పంపే కెమెరాలకు లారీ అంత లారీ ఆనదు. దొరక్కపోతే పోయినవాడి కుటుంబానికి పరిహారం 2 లక్షలు. 2022 ఏప్రిల్ దాకా 25 వేలే, కాబట్టి ధర పెరగలేదనడానికి వీల్లేదు.

ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. సంతోషం. మా వీధిలో ఆ హక్కు ఉండాల్సిన చోట ఓ చోటా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. పుట్టినరోజు అయిపోయి నెలైంది. ఫ్లెక్సీ తీసేదెవరో మున్సిపల్ వాళ్లూ, కరెంటు వాళ్లూ ఇంకా తేల్చుకోలేదు.