ఒక్క మాత్ర చాలు

సాయంత్రం నీళ్ల మోటారు వేయడానికి మేడ దిగిన నర్సింగ్ చదివే పిల్లకి, ఇంటిగలావిడ మామ్మగారు గడప దగ్గర కూలబడి కనిపించారు. ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తోంది.

అప్పటికే చేరిన ఇరుగమ్మ కాఫీ పట్టమంది. పొరుగమ్మ ఉప్పునీళ్లు తాగించి కక్కించమంది. ఆ పిల్ల రెండూ వద్దని, మామ్మగారిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి, 108కి ఫోన్ చేసింది. అంబులెన్సు వచ్చేలోగా ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుంది.

ఆసుపత్రిలో చూస్తే బీపీ 70/40. డాక్టరు సెలైన్ పెట్టించి, కాల్షియం ఎక్కించమని చెప్పి, ఆ అట్టలు తిరగేశాడు. మూడు కంపెనీలు, మూడు రంగులు. లోపల మందు మాత్రం ఒకటే: అమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు. రోజుకి అంతకు మించి వాడకూడనిది.

"ఇది ఒంట్లోంచి సగం పోవడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. రోజూ మూడేసి మింగితే పేరుకుపోదూ? ఐసీయూలో పెట్టండి" అన్నాడు.

తేరుకున్నాక మామ్మగారినే అడిగాడు, మూడెందుకు వేసుకున్నారని.

"పెద్దాడు డాలస్ నుంచి పంపాడు. నడిపాడు బెంగళూరు నుంచి, చిన్నాడు హైదరాబాద్ నుంచి. తెల్లారితే ముగ్గురూ ఫోన్ చేసి, 'నేను పంపిన మాత్ర వేసుకున్నావా అమ్మా' అంటారు. ఎవడిది మానేసినా వాడు చిన్నబుచ్చుకుంటాడు కదా బాబూ!"

డాక్టరు ముగ్గురినీ ఒకే వీడియో కాల్‌లోకి పిలిచి చెప్పాడు: "రోజుకి ఒక్క మాత్ర చాలు. ఒక్కరు పంపితే చాలు. ఎవరో మీలో మీరే తేల్చుకోండి." ముగ్గురూ బుద్ధిగా తలూపారు.

రెండు నెలలు తిరక్కుండానే మామ్మగారు మళ్లీ ఆసుపత్రికి వచ్చారు. ఈసారి బీపీ 220/120.

"మాత్ర వేసుకోవడం లేదా?"

"అయిపోయాయి బాబూ."

"వీధి చివర షాపులో దొరుకుతాయిగా?"

"ముగ్గురు కొడుకులుండి నేను కొనుక్కుంటే వాళ్లకేం మర్యాద? అయినా ఒక్కరు పంపితే చాలని మీరే అన్నారుగా. ఆ ఒక్కరూ ఎవరో వాళ్లకింకా తేలలేదు."