ఉలిపద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక: ఇంటికి రంగులు వేయించుకుంటున్న ఒక గృహస్థు, రంగు డబ్బా మూత రాక, ఎదురింటి అరుగు మీద ద్వారబంధం చెక్కుతున్న వడ్రంగిని సమీపించి, “ఆచారిగారూ, ఆ ఉలి ఒక్కసారి ఇటివ్వండి, ఇప్పుడే తెచ్చిస్తా” అన్నాడు. ఆ సందర్భంలోది ఈ పద్యం. ఛందస్సు ఆటవెలది. మూలమూ టీకా ఒక్క చేతివే కనుక పాఠభేదాల బెడద లేదు.

మూలం:

బెజ్జమొకటె దీని పెద్దపనియటంచుఁ
బలుకనేల? మూఁత పగులఁదీయు;
మేకు పెరుకు; తలుపు మెల్లగాఁ దెరిపించు;
నూరు పనులకొక్క నూరురాయి!

ప్రతిపదార్థం: బెజ్జము ఒకటె = కొయ్యలో నలుపలకలుగా తొలిచే బెజ్జం మాత్రమే; దీని = ఈ ఉలికి; పెద్దపని = ముఖ్య ప్రయోజనం; అటంచున్ = అని; పలుకన్ ఏల = అనడం దేనికి?; మూఁత = ఎండి బిగుసుకున్న రంగు డబ్బా మూతను; పగులఁదీయు = పెళ్లగించి తెరుస్తుంది; మేకు = గోడలో తల విరిగిన మేకును; పెరుకు = ఊడదీస్తుంది; తలుపు = తాళంచెవి లోపల మరిచి వేసుకున్న తలుపును; మెల్లగాన్ = ఇరుగుపొరుగు చూడకుండా; తెరిపించు = తెరుచుకునేట్టు చేస్తుంది; నూరు పనులకున్ = ఇన్ని పనులకూ; ఒక్క నూరురాయి = సానరాయి ఒక్కటే (అదీ నాదే, అని శేషం).

తాత్పర్యం: ఉలి సర్వార్థసాధకం కనుక అరువివ్వదగినది అని అడిగినవాడి వాదం. పనులు నీవి, నూరుడు నాది కనుక ఇవ్వనని వడ్రంగి భావం.

వక్తృ నిర్ణయం: నాలుగు పాదాలూ అడిగినవాడివే అనేవారు కొందరు. అది నిలవదు. అరువడిగేవాడికి సానరాయి జ్ఞాపకం రావడం లోకంలో లేదు. కాబట్టి మొదటి మూడు పాదాలు అతనివి, నాలుగోది వడ్రంగిది.

లక్షణం: బెజ్జపు ఉలికి వెడల్పు తక్కువ, మందం ఎక్కువ. కొయ్యలోకి దిగిన తరువాత పొట్టును ఎత్తి పారెయ్యాలి. పల్చని రేకు ఆ ఒత్తిడికి వంగిపోతుంది. వాలు సుమారు 30 డిగ్రీలు. అంతకన్నా సన్నగా నూరితే పదును పెరుగుతుంది, అంచు నిలవదు. పిడి తలకు ఇనుప పొన్ను, దెబ్బలకు పిడి చీలకుండా. కొట్టడానికి కొయ్యసుత్తి, పిడి మీద దయతో. బెజ్జం వెడల్పు చెక్క మందంలో మూడో వంతు అని పెద్దల లెక్క: 60 మిల్లీమీటర్ల మందానికి 20. కానీ పెట్టెలో ఉన్నది 18 మిల్లీమీటర్ల ఉలి అయితే బెజ్జమూ 18కే తెగుతుంది. అందులో దిగే కుసెను దానికి తగ్గట్టు కోస్తారు. ఇక్కడ ఉలి కోసేది మాత్రమే కాదు, కొలిచేది కూడా. ఇది మొదటి విశేష ప్రయోగం.

తక్కిన ప్రయోగాలు: మూలతో గీస్తే పెన్సిలు గీత కన్నా సన్నని గీత పడుతుంది, రంపానికి దారి చూపుతుంది. వాలును కిందికి తిప్పి పడితే వంపుల లోపలి భాగం చెక్కవచ్చు. వీపును చెక్కకు ఆనించి తోస్తే పొంగి ఎండిన జిగురు లేచిపోతుంది. తలుపు బందు కూర్చోవడానికి కావలసిన లోతు తీస్తుంది. వీటిలో ఒక్కటీ పద్యంలో లేకపోవడం గమనార్హం. అడిగినవాడికి తెలియవు గనుక కవి అనలేదు.

అన్యదేశ ప్రమాణం: జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర ఆల్ట్‌షెర్బిట్స్ అనే చోట సుమారు 7,000 ఏళ్ల నాటి బావి బయటపడింది. దాని ఓక్ పలకలు బెజ్జాలతో, కుసెలతో బిగించినవి. లోహం ఎరుగని రైతులు రాతి పనిముట్లతో చేసిన పని అది. ఉలి అరువు దొరకదని వారు పని మానుకోలేదు.

స్వదేశ ప్రమాణం: అమరావతి స్తూపం చుట్టూ ఉండిన ప్రాకారం రాతిది, దాని కూర్పు వడ్రంగిది. నిలువు స్తంభాల పక్కలకు కంటి ఆకారంలో బెజ్జాలు తొలిచి, అడ్డరాళ్ల చివరలను వాటిలో దూర్చారు. ఆ అడ్డరాళ్లను సూచులంటారు. కొయ్య కంచెకు తగిన పద్ధతిని పల్నాటి సున్నపురాయిలో నిలబెట్టడం కన్నా గొప్ప సృజన ఉలి చరిత్రలో అరుదు. మూత తీయడాన్ని ఆ కోవలో చేర్చడం సాహసం.

నవీన మతం: ఫెస్టూల్ వారి డొమినో అనే చేతియంత్రంలో కత్తి తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, క్షణాల్లో బెజ్జం పడుతుంది. యంత్రం వచ్చాక ఉలి గొడవ తీరిందని నవీనులు. కాని ఆ బెజ్జం కొసలు గుండ్రంగా వస్తాయి. నలుపలకల కుసె దిగాలంటే ఆ కొసలకు మూలలు తియ్యాలి. దేనితో? అందుచేత నవీన మతం తిరిగి పెట్టె దగ్గరికే వచ్చింది.

పూర్వపక్షం: పొట్టును పెళ్లగించడం ఉలికి స్వధర్మమే అయితే మూతను పెళ్లగించడం దోషమెలా అవుతుంది? వడ్రంగి చేస్తే నేర్పు, మేం చేస్తే అపచారమా?

సమాధానం: పొట్టు లొంగుతుంది, ఇనుప మూత లొంగదు. ఉలి అంచును పదును నిలవడానికి గట్టిపరుస్తారు. గట్టిదనం హెచ్చినచోట పెళుసుదనం తప్పదు. మూత అంచుకు తగిలి మెలిపడగానే పంటి గాటంత ముక్క ఎగిరిపోతుంది. ఆ గాటు పోవాలంటే అంచంతా ఆ లోతు వరకూ అరగదియ్యాలి. మూత తియ్యడానికి ఒక నిమిషం, సాన మీద ఒక పూట. వడ్రంగి కొత్త ప్రయోగం చేసేటప్పుడు ఆ పూటను ముందే లెక్కకట్టుకుంటాడు. కనుక సిద్ధాంతం ఇది: పనిముట్టును కొత్తగా వాడే అధికారం దాన్ని తిరిగి నూరగలవాడిది. ఈ సూత్రం రంపానికీ, పెరటి గునపానికీ, వంటింటి కత్తిపీటకూ వర్తిస్తుంది. కత్తిపీట విషయంలో గృహస్థులు ఇంట్లో విచారించుకోవచ్చు.

ఫలశ్రుతి: ఈ టీకాను పూర్తిగా విన్నవాడు మూతకు స్క్రూడ్రైవరు వాడతాడు. సగం విన్నవాడు మళ్లీ వచ్చి అడుగుతాడు. అతని కోసమే పెట్టె అడుగున అరిగి పొట్టిదైన పాత ఉలి ఒకటి ఉంటుంది. ఆచారిగారు దాన్నే తీసి, మహాదాతలా ముఖం పెట్టి, రెండు చేతులతో ఇస్తారు.