వెంకన్న ముడుపూ, పదిహేను డిగ్రీలూ

టమాటా అన్నది కత్తి పెడితే తెగాలి గానీ పేలకూడదు. మా ఇంట్లో పేలింది. ఆ రసం నా తెల్లచొక్కా మీద పడ్డాకే కత్తి మొద్దుబారిందన్న సంగతి నా దృష్టికి వచ్చింది. వెంటనే హార్డ్‌వేర్ కొట్టుకెళ్ళి సానరాయి తెచ్చాను. మా తోడల్లుడు ఫోన్ చేయకపోతే కథ అక్కడితో అయిపోయేది.

"రాయేమిటన్నయ్యగారూ, రాతియుగంలోలాగా! కరెంటుది కొనుక్కోండి. గాడిలో పెట్టి రెండుసార్లు లాగితే సరి."

అది మొదలు రోజూ ఫోను. "పదునొచ్చిందా అన్నయ్యగారూ?" అని, పిల్లకి సంబంధం కుదిరిందా అని అడిగినట్టు.

పదును రావాలంటే కత్తిని రాయి మీద 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టుకుని రుద్దాలి. వినడానికి బాగానే ఉంటుంది. నాకు మొదటి నాలుగు రుద్దులకీ 15, అయిదోదానికి 30, తోడల్లుడి ఫోను మోగితే 60. మావాడి పాత జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి పక్కన నిలబెట్టబోయాను. మూడో చెయ్యి లేక మానుకున్నాను. చివరికి టెన్త్‌లో నన్ను ఏడిపించిన సైన్ తీటా కాళ్ళే పట్టుకోవలసి వచ్చింది. మా కత్తి వెడల్పు 4 సెంటీమీటర్లు. వెన్ను 1 సెంటీమీటరు పైకి లేస్తే వాలు సుమారు 15 డిగ్రీలు. అంటే దాదాపు ఏడు రూపాయి బిళ్ళల దొంతర.

ఈ రోజుల్లో ఏడు రూపాయి బిళ్ళలు ఎవరింట్లో ఉన్నాయండీ? పాలవాడికి కూడా ఫోన్లోనే కొడుతున్నాం. సోఫా సందుల్లో చెయ్యి పెడితే రెండు పెన్ను మూతలూ, ఒక వేయించిన బఠాణీ దొరికాయి. కిరాణా కొట్టతను చిల్లర బదులు చాక్లెట్లిచ్చాడు. అవే పేర్చి చూశాను. మూడో రుద్దుకి నలిగిపోయి వాలు 10కి దిగింది. చిల్లర కోసమే బస్సెక్కితే, కండక్టరు నాకు రావలసింది టిక్కెట్టు వెనకాల రాసిచ్చాడు. టిక్కెట్లు ఎన్ని పేర్చినా సెంటీమీటరు అవదు. ఆఖరికి దేవుడి గూట్లో, పసుపుబట్టలో మూటగట్టిన వెంకన్న ముడుపు కనిపించింది. ఏడంటే ఏడు తీసి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ ముడేశాను. మా ఆవిడ తన ముడిని గుర్తుపట్టగలదని ఆ సాయంత్రమే తెలిసింది.

"ఆయనే కుబేరుడి అప్పుకి వడ్డీ కట్టుకుంటున్నాడు. ఆ వడ్డీ డబ్బులే దొరికాయా మీకు?" అంది.

సరే, రుద్దాను. ఒక వైపు రుద్దుతూ పోతే వాదర అవతలి వైపుకి సన్నటి ఇనప పొర మడతపడి వేలికి గరుగ్గా తగులుతుంది. అది తగిలేదాకా కత్తి తిప్పకూడదు. నాకది తొమ్మిదో రోజున తగిలింది. అసలీ రాయిలోని కార్బొరండం కూడా ఒకటి చేయబోతే ఇంకొకటిగా వచ్చిందే. 1890లలో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ వజ్రాలు చేద్దామని మట్టీ, బొగ్గుపొడీ కలిపి కరెంటుతో కాల్చాడు. వజ్రం రాలేదు, ఇది వచ్చింది. ఆయనకి తోడల్లుడు ఉన్నాడో లేడో.

నాకున్నాడు కదా, ఆదివారం యంత్రంతో సహా దిగాడు. ఇంట్లో ఉన్న రెండో కత్తిని గాడిలో పెట్టి గుర్రుమని లాగాడు. రెండు నిమిషాలు. టమాటా తెగింది, ఒప్పుకోక చస్తానా! కిందమాత్రం నేను తొమ్మిది రోజుల్లో రాల్చనంత ఇనపరజను.

"ఇలా ఏడాది లాగితే కత్తి కాస్తా పళ్ళు కుట్టుకునే పుల్లవుతుంది" అన్నాను.

"అప్పుడింకోటి కొనుక్కోండి."

"మరి కత్తిపీటని నీ గాడిలో దూర్చు, చూద్దాం!"

"తీసుకురండి అన్నయ్యగారూ."

మా కత్తిపీట పదేళ్ళ కిందటే పాతసామాన్లవాడికి వెళ్ళిపోయింది. పకోడీలు తిని అతనూ వెళ్ళిపోయాడు.

మర్నాడు నా రాతి పదును కత్తితో మా ఆవిడ వేలు కోసుకుంది. పెద్ద గాయం కాదు. కాపురం పెట్టినప్పుడు కొన్న కత్తి. ఎంత నొక్కితే ఏది తెగుతుందో ముప్ఫయ్యేళ్ళుగా ఆ చేతికి తెలుసు. ఇప్పుడూ అంతే నొక్కింది.

"మొద్దుబారిందని నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాను, గుడ్డ చుడుతూ.

"చాలాసార్లు చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

నాకు గుర్తులేదు. చొక్కా మీది మరక మాత్రం గుర్తుంది.

నాలుగు రోజులుగా కూరలు నేనే తరుగుతున్నాను. కత్తి చెక్కపిడి మీద, ఆవిడ చూపుడువేలు ఆనించే చోట, చిన్న గుంటలా అరిగి ఉంది. ఎలా పట్టుకున్నా నా వేలు అందులో ఇమడటం లేదు.