మానుకోట కూడా ఫారినే

1904లో తిరునల్వేలి వైపు నుంచి ఒక తమిళాయన పెట్టె సర్దుకుని, అయినవాళ్ళందరి దగ్గరా సెలవు తీసుకుని, పరాయి దేశంలో సువార్త చెప్పడానికి బయలుదేరాడు. పేరు శామ్యూల్ పాకియనాథన్. ఆయన దిగిన పరాయి దేశం మా మానుకోట.

ఈ మాట మా ఊళ్ళో చెబితే నన్ను ఎగాదిగా చూస్తారు. వాళ్ళ లెక్కలో ఫారిన్ అంటే శంషాబాద్‌లో విమానం ఎక్కాలి, దిగంగనే ఫోటో పెట్టాలి. మిర్చి సీజన్‌లో యార్డు పక్క నుంచి పోతే చాలు తుమ్ములు ఆగని ఊరు ఫారిన్ ఎట్లయితది?

ఆయన వైపు నుంచి చూడండి. అప్పుడు మానుకోట నిజాం రాజ్యం. గద్దె మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. మహబూబాబాద్ అన్నా ఈ ఊరే. బెజవాడ దాటి సరిహద్దులోకి రాగానే మూటలు విప్పి చూసి సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి వాళ్ళుండేవారు. జేబులోని ఇంగ్లీషు రూపాయి ఇక్కడ కల్దారు. ఇక్కడి రూపాయి హాలీ సిక్కా, దాని విలువ వేరు. తపాలా బిళ్ళ వేరు. కచేరీలో రాత ఉర్దూ. సర్కారు కాగితం మీద నెల పేరు చైత్రమూ కాదు, జనవరీ కాదు. ఆజూర్, దై, బహ్మన్. తిరునల్వేలి నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు రైళ్ళు మారి వచ్చిన మనిషికి తెలుగు రాదు, ఉర్దూ రాదు, మన కారం అసలే పడదు. వీసా ఒక్కటే తక్కువ. అదొక్కటే ఆ కాలానికి కలిసొచ్చింది.

ఆయన్ను పంపినవాళ్ళ కథ ఇంకా బాగుంటుంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య అప్పుడు వైఎంసీఏలో పనిచేసే కుర్రవాడు. 1902లో యాళ్ళప్పాణం, అంటే శ్రీలంకలోని జాఫ్నా, వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు అప్పటికే సొంతంగా డబ్బు కూడబెట్టి, సొంత మనుషుల్ని బయటికి మిషనరీలుగా పంపుతున్నారు. సముద్రం అవతల చిన్న ఊరివాళ్ళు చేస్తున్న పని, అన్ని చర్చీలున్న తిరునల్వేలి చేయడం లేదని ఆయనకు తలకొట్టేసినంత పనైంది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, పెత్తనం మనదే, తెల్లదొర చెయ్యి పడకూడదన్నది వాళ్ళ పట్టుదల. అలా వచ్చింది మానుకోట వంతు. పక్కింటివాళ్ళు ఫ్రిజ్ కొన్నారని మనమూ కొన్నట్టుగా మొదలైన పని కాదని చెప్పలేను గానీ, ఆ ఫ్రిజ్ వందేళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది.

అదే 1903లో మన తెలుగువాళ్ళూ ఊరుకోలేదు. నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే బాప్టిస్టు బోధకుడు కుటుంబంతో సహా ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో దిగాడు. చెరకు, తేయాకు తోటల్లో గిరిమిట్ (ఒప్పంద) కూలీలుగా పోయిన తెలుగువాళ్ళ కోసం కేర్స్‌నీలో ఆ ఏడు చివరికే తెలుగు బాప్టిస్టు సంఘం పెట్టాడు. అంటే తమిళులు తెలుగువాళ్ళ కోసం రైలు వెతుక్కుంటున్న రోజుల్లోనే తెలుగువాళ్ళు ఆఫ్రికాకు ఓడ వెతుక్కున్నారు. ఎవరి ఫారిన్ వారిది.

అజరయ్యగారు ముప్పై అయిదేళ్ళ వయసులో, 1909లో, భార్య అన్బు మరియమ్మాళ్‌తో డోర్నకల్‌లో కాపురం పెట్టాడు. సింగరేణి బొగ్గు కోసం వేసిన లైను చీలే జంక్షన్ అప్పటి డోర్నకల్. చుట్టూ అడవి, అడవిలో పులులు, ఊళ్ళో మలేరియా. మరుసటి ఏడే ఆయన ఎడిన్‌బరో మహాసభకు వెళ్ళి, మీరిచ్చే దానాలు, చేసే త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలని తెల్ల మిషనరీల మొహం మీదే అన్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. కానీ ఆ పుస్తకాలకు పెట్టెలు సర్దే గదిలోకి పోయే అలవాటు లేదు. మరియమ్మాళ్‌గారు ఏ జాడీ పెట్టుకుంది, ఏది తీసేసింది, పొరుగువాళ్ళు ‘అమ్మా, ఆ దేశంలో బియ్యం దొరుకుతాయా’ అని ఎన్నిసార్లు అడిగారు? అక్కడే అసలు సంగతంతా ఉంటుందని నాకు మా చెల్లెను చూశాక నమ్మకం కుదిరింది.

మా చెల్లె, బావ కిందటేడు ఉగాండా పోయారు. ఒక సంఘం వాళ్ళు నడిపే బడి చూసుకోవాలి, ఆదివారం గుడిలో చేయందించాలి. బావది జనగామ దగ్గర పల్లె, మాది మానుకోట, మా అన్న భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. ఈ మూడు ఊళ్ళ చుట్టాలకూ ఒకేసారి ఆఫ్రికా మీద సర్వజ్ఞత కలిగింది.

ముందు సూది గొడవ. ఉగాండా పోవాలంటే ఎల్లో ఫీవర్ టీకా కావాలి. హైదరాబాద్ నారాయణగూడలో వేస్తారు, పసుపుపచ్చ కార్డు ఇస్తారు, అది 10 రోజుల తర్వాత గానీ చెల్లదు. ఇదంతా బావ మా అమ్మకు ఓపికగా చెప్పాడు. అమ్మ చెవిన పడింది ‘పసుపు’ ఒక్కటే. పచ్చకామెర్లని ఖాయం చేసుకుని తెల్లారి లేచి కురవి వైపు ఒక పసరు మందాయన దగ్గరికి పోయి ఆకు పొట్లం తెచ్చింది. ‘సూది ఎటుపోయింది బిడ్డా, ఇది పరగడుపున తాగు’ అంది. చెల్లె తాగింది. సూది నొప్పి ఒక పూట, పసరు చేదు రెండు రోజులు.

తర్వాత వీడ్కోలు కూడికలు. మానుకోటలో ఒకటి, జనగామలో ఒకటి, భూపాలపల్లిలో మా అన్న పట్టుబట్టి పెట్టించింది ఒకటి. ప్రతి చోటా శాలువాలు. గురువుగారు ఒకటి, యువజనులు ఒకటి, స్త్రీల మైత్రి ఒకటి, ఏ సంఘానికీ చెందకపోయినా భోజనాల వేళకు వచ్చే ఒక పెద్దమనిషి ఒకటి. విమానంలో మనిషికి 23 కిలోలు. శాలువాలే పద్దెనిమిది కిలోలు తూగాయి. జనగామవాళ్ళు పైన గోడ గడియారం కూడా ఇచ్చారు, అద్దం మీద దాతల పేర్లు రాయించి. ఒక్క పేరు మర్చిపోయారట, ఆయన ఈ రోజుకీ ఆ గుడి మెట్లెక్కడం లేదు.

జనగామలో బావ మాట్లాడాలి. సమర్పణ గురించి గట్టిగా చెబుదామని 1885లో ఉగాండాకు పోతూ దారిలోనే చంపబడ్డ బిషప్ హానింగ్టన్ కథ ఎత్తుకున్నాడు. చక్కగా, వివరంగా, ఈటెలతో సహా చెప్పాడు. ముందు వరుసలో వాళ్ళమ్మ, పక్కన మా అమ్మ. ఇద్దరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపు చూసి సంఘపెద్ద ఒకాయన క్లుప్తంగా ప్రార్థన చేస్తానని లేచి, సింహాల నుంచి, కొండచిలువల నుంచి, మనుషుల్ని తినే మనుషుల నుంచి ఈ పిల్లల్ని కాపాడమని ఆదికాండం నుంచి ఎత్తుకున్నాడు. ఇంటికొస్తే మా పక్కింటి రిటైర్డు సోషల్ మాస్టారు కాచుకుని ఉన్నారు. 1972లో ఇడి అమీన్ మనవాళ్ళందరినీ 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్న సంగతి అమ్మకు తెలియకుండా పోతుందేమోనని ఆయన బెంగ.

నాకొక సందేహం ఉండేది, చెల్లెను అడిగేశాను. ‘ఉగాండాలో నూటికి ఎనభై మందికి పైగా క్రైస్తవులే. తెలంగాణలో మనం నూటికి ఇద్దరం కూడా లేం. మిషనరీలు అక్కడికి వచ్చింది 1877లో, మానుకోటకు పాకియనాథన్ వచ్చిన దానికి 27 ఏళ్ళ ముందు. సీనియర్లకు జూనియర్లు పోయి ఏం చెప్తరే?’

‘లెక్కలు చెప్త అన్నా. ఏడో తరగతి,’ అంది.

సామాను సర్దే రాత్రి మా ఇంట్లో తూకం మిషను ముందు పంచాయితీ జరిగింది. అమ్మ మానుకోట మిర్చి పట్టించిన కారం అయిదు కిలోలు పెట్టింది. చెల్లె రెండు తీసింది. అమ్మ బైబిలు కవరు లోపల అరకిలో దాచింది. మామిడికాయ తొక్కు డబ్బా మూతకు మూడు పొరల ప్లాస్టిక్ చుట్టి, దాన్ని శాలువాలో చుట్టి, శాలువాకు మొదటిసారి ఒక ఉపయోగం చూపించింది. అప్పుడు దిగాడు భూపాలపల్లి నుంచి మా అన్న, రెండు జతల గమ్‌బూట్లతో. మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి రబ్బరు బూట్లు. ‘ఆఫ్రికా అంటే అడవి, అడవంటే పాములు’ అన్నాడు. ఇల్లంతా నవ్వింది. అన్న మొహం ముడుచుకున్నాడు. అన్న అలిగితే మా ఇంట్లో అన్నం ఉడకదు కాబట్టి నాలుగు శాలువాలు దిగి, బూట్లు ఎక్కాయి.

ఎంటెబ్బెలో విమానం దిగేసరికి చుట్టూ సముద్రమంత విక్టోరియా సరస్సు, పచ్చటి కొండలు, చల్లటి గాలి. భూమధ్యరేఖ మీద మాడిపోతారని మేం భయపడ్డ మనుషులు మే నెలలో స్వెటర్ వేసుకుని వీడియో కాల్ చేశారు. కంపాలా వైపంతా సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైనే. ఇక్కడ మేం తడిగుడ్డ నెత్తిన వేసుకుని, కూలర్‌లో నీళ్ళు పోసుకుంటూ, వాళ్ళ కోసం ప్రార్థన చేస్తున్నాం.

మొదటివారం పక్కింటామె గిన్నెతో వచ్చింది. అక్కడ తలుపు కొట్టి పలకరించడం అంటే రెండు మాటలు కాదట. రాత్రి ఎట్లా గడిచింది, ఇంట్లో ఎట్లున్నారు, పనెట్లుంది, ఆ తర్వాత గానీ వచ్చిన పని ఎత్తరు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పలకరించేసరికి చెల్లె కంగారుపడి తనూ కూర్చుంది. ఇద్దరూ గడప మీద మోకాళ్ళూని, నువ్వు లే అంటే నువ్వు లే అని ఒకరి చెయ్యి ఒకరు లాగుతుంటే బావ ఆ వెనక నిలబడి, ‘స్నేహితులు కావాలన్నడు అజరయ్యగారు’ అన్నాడట. ఆ మాట ఆయన ఇక్కడి మూడు కూడికల్లోనూ అన్నదే. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

గిన్నెలో ఉన్నది పోషో. మక్కపిండిని మరిగే నీళ్ళలో పోసి, కర్రతో కలియబెట్టి గట్టిగా దించుతారు. చెల్లె ఫోన్ గిన్నె మీద పెట్టి చూపించింది. ‘అన్నా, గిది మన మక్క గటకనే! గటక తినలేకనే గద మనం సదువుకున్నది!’ చిన్నప్పుడు గటక చూసి మూతి తిప్పుకున్నందుకు వీసాలు, టీకాలు, రెండు విమానాలు దాటి మళ్ళీ అదే గిన్నె ముందు కూర్చుంది. అమ్మ మాత్రం చాలా సంతోషించింది. ‘మంచిగ తిను బిడ్డా, బలం’ అంది. ఈ మాట ఇంతకుముందు వెయ్యి సార్లన్నా అని ఉంటుంది, కానీ ఇప్పుడు ఎదురు చెప్పడానికి వీల్లేదు. మిషనరీ కదా.

బావకు పరీక్ష నవంబరులో వచ్చింది. వానలప్పుడు దీపాల చుట్టూ మూగే పచ్చ మిడతల్ని అక్కడ పట్టి, కాళ్ళూ రెక్కలూ తీసి, ఉల్లిగడ్డ వేసి వేయిస్తారు. న్సెనెనె అంటారు. పెద్ద మర్యాద అది. బడి హెడ్మాస్టరు ఇంట్లో ప్లేటు నిండా పెట్టారు. చెల్లె కళ్ళు మూసుకుని మనసులో ప్రార్థన మొదలుపెట్టింది. బావ మటుకు ఒకటి నోట్లో వేసుకుని, ఆగి, ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. జనగామ పల్లెలో తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను వాళ్ళ నాయనమ్మ పెనం మీద వేయించి, పేలాలతో కలిపి పెట్టేదట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ సంగతి మా ఇంట్లో చెప్పలేదు, అల్లుడి పరువు పోతుందని. హెడ్మాస్టరు ఇంటిల్లిపాదీ ఆయన తినడం చూసి చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి ఆదివారం ప్రసంగం ఎంత పొడుగైనా ఎవరూ లేచి పోవడం లేదట.

అమ్మ కారం సంగతి ఏమైందంటే, పక్కింటామెకు చెల్లె బెండకాయ వేపుడు పంపింది, మనం తినే కారం వేసి. పావుగంటకు వాళ్ళ ఇంట్లోంచి దగ్గులు, నవ్వులు, నీళ్ళ చప్పుడు. సాయంత్రం ఆమె ఖాళీ సీసా పట్టుకుని వచ్చింది, కాస్త పొడి పొయ్యమని. ఇప్పుడు ఆ వీధిలో మానుకోట కారం చెంచా లెక్కన అప్పులు నడుస్తున్నాయి.

శాలువాలు దోమతెర పైన కప్పారు. గడియారం బడి ఆఫీసులో వేలాడుతోంది. ఆ దాతల పేర్లు అక్కడ ఎవరికీ చదవరాదు, కాబట్టి ఎవరికీ కోపం లేదు. కానీ అసలు ఘనత గమ్‌బూట్లకు దక్కింది. వానాకాలం ఎర్రమట్టి బురదలో బడికి నడవాలంటే అవే దిక్కు. ఊళ్ళో అందరికీ అవే ఉన్నాయి, మనవాళ్ళవి కొంచెం మందం ఎక్కువ. చెల్లె ఆ సంగతి ఫోన్‌లో చెప్పిన రోజు నుంచి మా అన్నను భరించలేకపోతున్నాం. భూపాలపల్లిలో ఎవరి పిల్లలు ఎటు పోతున్నా కబురు తెలుసుకుని ఇంటికి పోతున్నాడు. కిందటివారం వాళ్ళ కాలనీలో ఒక పిల్లగాడికి టెక్సాస్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. అన్న ఆ పిల్లగాడి నాన్నను కూర్చోబెట్టి వాడి పాదం సైజు అడిగాడు.